రోడ్డుకు అవతలి ఓట్లు

కువైట్‌లో ఇంటిపనికి వచ్చే ఆడపిల్లలకు ఏజెంటు చెప్పని మాట ఒకటి నేను చెబుతాను. మీరు దిగబోయే ఇల్లు ఏ దాయిరాలో ఉందో కనుక్కోండి. దాయిరా అంటే మన దగ్గర నియోజకవర్గం. నవ్వకండి. ఇంట్లో పిల్లలెంతమంది, బాత్రూములెన్ని, మంచం పట్టిన ముసలివాళ్ళున్నారా అని అందరూ అడుగుతారు. ఓట్ల గీత ఎటు నుంచి పోతుందని ఎవరూ అడగరు. ఒక మనిషి తన ఇంటికి తాను పోవడానికి ఆ గీత అడ్డం పడటం నేను ఈ కళ్ళతో చూశాను. ఆ కోపం ఇంకా తగ్గలేదు. తగ్గకముందే చెప్పేస్తాను.

నాకు చదువు లేదు. సంతకం పెడతాను, బస్సు నంబరు చదువుతాను, అంతే. మాది అన్నమయ్య జిల్లాలో ఒక పల్లె. మా ఆయన బోరుబండి మీద పనికి పోయి శవమై వచ్చాడు. ఏడాది తిరక్కుండా నేను విమానం ఎక్కాను. ఒకటే ఇల్లు. మొదట పాచిపని, తరువాత వంట. ఇప్పుడు మోకాళ్ళు మొరాయించాయి. ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, రద్దు చేయించుకుని, ఊరికి పోయేలోపు ఫింటాస్‌లో మా అక్క కూతురు శైలజ దగ్గర ఉన్నాను. నేను చెబుతుంటే తను రాస్తోంది. మధ్యమధ్యలో "అంత గట్టిగా అరవాకు చిన్నమ్మా, పక్క ఫ్లాటోళ్ళు తలుపు కొడతారు" అంటోంది. కొట్టనీ.

గహ్వా పోయడం

వంట ఎవరైనా నేర్పుతారు. నన్ను ఏడిపించింది గహ్వా, అంటే వీళ్ళ కాఫీ. పాలుండవు, చక్కెర ఉండదు, యాలకుల వాసనతో చేదుగా ఉంటుంది. దాన్ని ఫింజాన్ అనే చిన్న గిన్నెలో పోసి ఇస్తారు. పిడికిలిలో దాగిపోయేంత గిన్నె.

మా బాబా, అంటే ఇంటి యజమాని, ఎన్నికల మనిషి. తాను నిలబడడు, తమ్ముణ్ణి నిలబెడతాడు. ఎన్నికలొస్తే ఇంటి పక్క ఖాళీ స్థలంలో పెద్ద గుడారం లేస్తుంది. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. ఈ దేశంలో ఆడవాళ్ళకు ఓటు వచ్చింది నేను వచ్చాకే. ఆ ఓటు రాగానే మా మామాకు, అంటే ఇంటి యజమానురాలికి, కొత్త ఉద్యోగం వచ్చినట్లయింది. మామాకు ఉద్యోగం వస్తే పని ఎవరికి? నాకు.

మొదటి ఎన్నికల్లోనే నేను కొంప ముంచాను. నల్లటి అబాయా కప్పుకుని ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. గొప్ప ఇంటి మనిషి, మంచిగా మర్యాద చెయ్యి అని మామా చెవిలో చెప్పింది. చేశాను. మన దగ్గర చుట్టానికి గ్లాసు నిండా పోయకపోతే పిసినారి కొంప అంటారు కదా. ఫింజాన్ అంచుదాకా నింపి, ఒక్క చుక్క కింద పడకుండా తీసుకుపోయి ఇచ్చాను. ఆవిడ గిన్నె వంక చూసింది, నా వంక చూసింది, లేచి వెళ్ళిపోయింది. మామా చెప్పులు కూడా వేసుకోకుండా కారు దాకా పరుగెత్తింది.

తిరిగొచ్చాక నన్ను కొట్టలేదు గానీ, కొట్టినా బాగుండేది. "నిండా పోస్తే ఏమని అర్థమో తెలుసా? ఇది తాగి లేచిపో అని! ఆమె వెనకాల ఒక వీధి వీధంతా ఓట్లున్నాయి!"

నాకెలా తెలుస్తుంది? ఎవరు చెప్పారు? చెప్పకుండా తప్పు పట్టడం ఇక్కడి యజమానులకు వెన్నతో పెట్టిన విద్య. ఆ మధ్యాహ్నమంతా వంటింట్లో నిలబెట్టి నీళ్ళతో నేర్పించింది. పాత్ర ఎడమ చేతిలో, ఫింజాన్ కుడి చేతిలో. అడుగు తడిసేంతే పోయాలి. చాలనుకున్నవాళ్ళు ఖాళీ గిన్నెను అటూ ఇటూ ఊపి ఇస్తారు. ఊపేదాకా పోస్తూనే ఉండాలి. ఎడమ చేత్తో గిన్నె ఇస్తే అవమానం.

ఆఖరున ఇంకొకటి చెప్పింది. "ఎవరైనా తాగకుండా గిన్నె కింద పెడితే నువ్వు దగ్గరకు పోవద్దు. వాళ్ళు ఏదో అడగడానికి వచ్చారని అర్థం. ఇంటివాళ్ళు సరే అనేదాకా ముట్టరు. అన్నాక తాగుతారు. అతిథి తాగకుండా లేచిపోతే ఆ ఇంటికి తలవంపు."

పాత్ర కడిగినట్లే ఆ మాటనూ కడిగి పక్కన పెట్టుకున్నాను. అది నాకు పనికొస్తుందని అనుకోలేదు. అడగడానికి వచ్చేవాళ్ళు పెద్దవాళ్ళు. మనం గిన్నెలు ఎత్తేవాళ్ళం.

మేడ మీది మాట

మా ఇంటికి ఎదురుగా, రోడ్డుకు అవతల, గోధుమరంగు ఇల్లు ఒకటి. అందులో పనిచేసే పిల్ల సత్యవతి. నేను మా మేడ మీద బట్టలు ఆరేస్తుంటే వాళ్ళ మేడ మీద తనూ ఆరేస్తుండేది. ఒకరోజు గాలికి నా కొంగు ఎగిరి ముఖానికి చుట్టుకుంటే ఏదో తిట్టాను. తిట్టు రోడ్డు దాటింది.

"ఏవండీ! మీరు తెలుగోరాండీ?" అని అటు నుంచి కేక.

"తెలుగే. నువ్వు యాడ నుంచిమే?"

"అమలాపురం దగ్గరండీ!"

అప్పటి నుంచి నేను వదినను, అది నా మరదలు. అది మాటకు ముందొక "ఆయ్", వెనకొక "అండీ" తగిలించేది. నేను ఎక్కిరించేదాన్ని. అది ఊరుకుంటుందా? "సంగటి తినే గొంతండీ వదినా మీది. మైకు పెట్టక్కర్లేదు, మిమ్మల్ని మేడెక్కిస్తే సరిపోద్ది" అనేది. నవ్వితే రోడ్డు ఇవతలికి వినపడేది. కొన్నాళ్ళకు నవ్వు వినపడటం మానేసింది.

పాకే పిల్లను అత్త చేతిలో పెట్టి వచ్చింది సత్యవతి. ఒప్పందం గడువు ఎప్పుడో దాటిపోయింది. పోతానంటే రంజాన్ కానీ అంటారు, రంజాన్ అయితే పిల్లల బడి తెరవనీ అంటారు. పాస్‌పోర్టు ఆ ఇంటి కోడలి బీరువాలో ఉంది. ఫోన్ లాగేసుకున్నారు. గేటుకు తాళం. చెత్త పారేయడానికి కూడా డ్రైవరే పోతాడు. ఇంతలో పిండివంట చేస్తుంటే కాగిన నూనె కుడి చేతి మీద పడింది. ఆసుపత్రికి తీసుకుపోలేదు. పసుపు పెట్టుకుని గుడ్డ చుట్టుకుంది. మేడ మీద నుంచి ఆ గుడ్డ చెయ్యి ఎత్తి చూపించింది. "చేతి ఏళ్ళు సాగట్లేదండీ వదినా. నేను ఎల్లిపోవాలండీ. మీ మామాకి ఒక్క మాట చెప్పండీ, పుణ్యముంటాది."

పారిపోవచ్చు కదా అని శైలజ అడుగుతోంది. ఇప్పటి పిల్లలు అలాగే అడుగుతారు. పారిపోతే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పోయి కేసు పెడతాడు, పనిమనిషి ఇంట్లోంచి పరారీ అని. అప్పుడు దోషి అదే అవుతుంది. ఎంబసీ ఒకటుందని, అక్కడ మన గోడు వినే చోటు ఉందని నాకు తెలిసింది చాలా తరువాత. అప్పట్లో మాకు తెలిసింది రెండు గేట్లు, మధ్యలో ఒక రోడ్డు.

మామాకు చెప్పాను. మామా బాబాకు చెప్పింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. బాబా టీవీ మీద నుంచి కళ్ళు తిప్పకుండా అడిగాడు: "ఏ ఇల్లు? రోడ్డు అవతలదా? అది మన దాయిరా కాదు. ఒక్క ఓటు లేదు మనకు అక్కడ. వాళ్ళ సంగతి వాళ్ళ వైపు వాళ్ళు చూసుకుంటారు."

అప్పట్లో దేశమంతా చిన్న చిన్న దాయిరాలు. మా రోడ్డే సరిహద్దు. ఇవతల ఒకటి, అవతల ఒకటి. అది నాకు అప్పుడే తెలిసింది. మా పల్లెలో బావిలో బర్రె పడితే ఏ వార్డు బర్రె అని అడిగి తాడు వేస్తామా? ఇక్కడ మనిషి పడింది. ఏ దాయిరా మనిషి అని అడిగాడు. ఆ రోజు అన్నంలో ఉప్పు ఎక్కువైంది. కావాలని వేయలేదు. వేసినా తప్పు లేదు.

గీత జరిగింది

తరువాత పైవాళ్ళు చిన్న దాయిరాలన్నీ తీసేసి అయిదు పెద్ద దాయిరాలు చేశారు. మా రోడ్డు సరిహద్దు కాకుండా పోయింది. ఇవతలా అవతలా ఒకటే. మళ్ళీ ఎన్నికలు వచ్చాయి.

ఆ మార్పును నేను పేపర్లో చదవలేదు, మా పళ్ళాల్లో చూశాను. అన్నేళ్ళు ఎదుటి ఇంట్లో ఎవరు పుట్టారో ఎవరు పోయారో అడగని మామా ఒక ఉదయం వంటింట్లోకి వచ్చి, "ఒక పెద్ద పళ్ళెం హరీస్ ఎదురింటికి. మన పొరుగువాళ్ళు కదా" అంది. గోధుమా మాంసమూ మెత్తగా ఉడికించి చేసేది హరీస్. పైన నెయ్యి దండిగా వెయ్యమంది. పాతికేళ్ళ పొరుగు ఒక్క రాత్రిలో పుట్టింది చూడండి!

పళ్ళెం మోసింది నేనే. గేటు తీసింది సత్యవతి. మేడ మీద పొడుగ్గా కనిపించేది, దగ్గర చూస్తే నా భుజం దాకా లేదు. ఇద్దరం పళ్ళాన్ని చెరో వైపు పట్టుకుని ఒక క్షణం వదల్లేదు. దాని కుడి చేతి చివరి రెండు వేళ్ళు ముడుచుకుపోయి అతుక్కున్నాయి. చర్మం గచ్చకాయ రంగులో మెరుస్తోంది.

"పళ్ళెం కోసమని తాళం ఇచ్చేరండీ వదినా. గేటు నా చేత్తో తీసి ఎన్నాళ్ళైందో" అంది. కిటికీలోంచి కోడలు చూస్తోంది. "యల్లా, యల్లా!" అని, తొందరగా రమ్మని కేకేసింది. గేటు మూసుకుంది.

నేను మాత్రం సంతోషంగా వచ్చాను. ఇంకేం, రెండిళ్ళూ కలిసిపోయాయి, మామా ఒక్క మాట చెబితే పని అయిపోతుంది అనుకున్నాను. ఆ సాయంత్రమే అడిగాను.

మామా రెండు చేతులతో చెంపలు కొట్టుకుంది. "ఇప్పుడా? పిచ్చిదానా! ఆ ఇంట్లో, వాళ్ళ అన్నదమ్ముల ఇళ్ళలో, అన్నీ మనకు రావాల్సిన ఓట్లు. పనిమనిషి మాట ఎత్తితే ఆ కోడలు ముఖం మాడ్చుకుంటుంది. నోరు మూసుకుని ఉండు."

"మొన్న వాళ్ళు మన ఓటు కాదు, మనకెందుకు అన్నారు. ఇప్పుడు మన ఓటు, మాట్లాడకూడదు అంటున్నారు. మరి ఎవరి ఓటైతే మాట్లాడతారు మామా?"

"ఖలాస్!" అంది. అయిపోయింది, ఇక నోరెత్తకు అని.

రాయి శైలూ, ఈ ముక్క పెద్దగా రాయి. గీత ఇటుంటే ఒక సాకు, అటుంటే ఇంకో సాకు. గీత గీసేవాళ్ళు పనిమనుషుల్ని లెక్కలోకి తీసుకోరు, సరే, మనకు ఇక్కడ ఓటు లేదు. కానీ మా వంటతో, మా చేతులతో పోసిన కాఫీతో అడుక్కునే ఓట్లు కదా అవి? దానికి కాస్తయినా సిగ్గుండాలా వద్దా? మా మామా చెడ్డది కాదు. నాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టిన మనిషి. కానీ ఆమె మంచితనం మా ఇంటి గేటు దగ్గరే ఆగిపోయేది. చాలామంది మంచివాళ్ళు అంతే. కొత్తగా వచ్చే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. మీ మామా మీతో మంచిగా ఉందంటే, లోకంతో మంచిగా ఉందని కాదు.

కింద పెట్టిన ఫింజాన్

ఎన్నికలు దగ్గర పడ్డాక మామా తనే ఆ ఇంటికి బయల్దేరింది. నూనెలో దేవి పాకంలో ముంచిన ఉండల తట్ట నెత్తిన పెట్టుకుని నేను వెనకాల. ఆ ఇంటి పెద్దావిడ, హజ్ చేసొచ్చింది కాబట్టి అందరూ హజ్జియా అని పిలుస్తారు, కోడలికి అత్తగారు. ఎడారి గుడారంలో పుట్టి పెరిగిన మనిషి. గడ్డం మీద పచ్చబొట్టు. హాలు మధ్య నేల మీదే కూర్చుంది. చుట్టూ కోడలు, ఆడపడుచులు, వాళ్ళ పిల్లలు.

సత్యవతి గహ్వా పోస్తోంది. కుడి చేత్తోనే ఇవ్వాలి కదా. ముడుచుకున్న వేళ్ళ మధ్య ఫింజాన్ వణుకుతోంది. అందరూ అందుకుంటున్నారు. ఎవరూ చెయ్యి చూడటం లేదు, గిన్నె చూస్తున్నారు.

మామా గిన్నె అందుకుని తాగకుండా కింద పెట్టింది. అందరూ సర్దుకుని కూర్చున్నారు.

"ఏం కావాలి బిడ్డా?" అంది హజ్జియా.

"మీ ఇంటి మాట కావాలి హజ్జియా. మా మరిదికి."

"తాగు. ఇచ్చాను."

మామా తాగింది. అందరూ నవ్వారు. అంతే, అరనిమిషంలో ఒక ఇంటి ఓట్లు చేతులు మారాయి. ఇంత సులువా అనుకున్నాను. ఇంత సులువైన పనిని ఇన్నాళ్ళు సత్యవతి కోసం చేయలేదా అనుకున్నాను.

హజ్జియా నన్ను చూసింది. "గుమ్మం దగ్గర కూర్చున్న ఆమెకు కూడా పొయ్యండి. అతిథి వెంట వచ్చిన మనిషి కూడా అతిథే." అది వాళ్ళ పాత పద్ధతి.

సత్యవతి నా ముందు వంగి గిన్నె ఇచ్చింది. అందుకున్నాను. కింద పెట్టాను.

మొదట ఎవరూ గమనించలేదు. తరువాత ఒక చిన్నపిల్ల కిసుక్కుమంది. మామా పళ్ళ మధ్య నుంచి "తాగు" అంది.

"తాగను మామా."

కోడలు పకపకా నవ్వింది. "చూశారా, పనిమనిషి కూడా ఎన్నికల్లో నిలబడుతున్నట్లుంది!"

సత్యవతి ముఖం తెల్లబోయింది. "వద్దొదినా, మీకు దణ్ణమెడతాను, తాగెయ్యండీ. మీరెళ్ళాక నన్ను సంపేత్తారు" అని గొణిగింది.

"నువ్వు నోరు మూస్కోమే" అన్నాను.

హజ్జియా నవ్వలేదు. నా గిన్నె వంకే చూస్తోంది. ఆ ఇంట్లో ఒక గిన్నె నేల మీద ఉండిపోయింది, ఆమెకు అది కంట్లో నలుసు. "ఏం కావాలి నీకు?" అంది.

నా అరబ్బీ వంటింటి అరబ్బీ. వచ్చిన నాలుగు మాటలతోనే చెప్పాను. "ఈ పిల్లను ఇంటికి పంపు హజ్జియా. గడువు ఎప్పుడో అయిపోయింది. బిడ్డ ఉంది. పాస్‌పోర్టు మీ బీరువాలో ఉంది. దీని చెయ్యి చూడు."

కోడలు లేచింది. "అబద్ధం! ఎన్నికలవ్వగానే పంపుతామని మేమే అనుకున్నాం. వీళ్ళెవరు మన ఇంట్లో..."

"కూర్చో" అంది హజ్జియా. "గిన్నె నా ముందు పెట్టింది, నీ ముందు కాదు." సత్యవతి వైపు తిరిగింది. "చెయ్యి ఇటు ఇవ్వు."

ఆ చెయ్యి పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది. ఇక్కడే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది. రోజూ ఆ చేత్తోనే కదమ్మా నీకు కాఫీ అందింది? పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఆ వేళ్ళలోంచే కదా తీసుకున్నావు? నా గిన్నె నేల మీద పెడితే తప్ప నీకు అది చెయ్యిలా కనపడలేదా?

ఇదంతా అప్పుడు అనలేదు. అనుంటే పని చెడేది. హజ్జియా ఆ చేతిని తన ఒడిలోనే పెట్టుకుని, నా వైపు చూడకుండా అంది: "తాగు. ఇచ్చాను."

చల్లారిపోయింది. తాగాను. గిన్నె ఊపి సత్యవతికి ఇచ్చాను. దాని కళ్ళ నీళ్ళు నా మణికట్టు మీద పడ్డాయి.

తిరిగి వస్తుంటే మామా నాకంటే ముందు నడిచింది. నడిమధ్యలో ఆగింది, ఒకప్పుడు గీత ఉన్న చోటే. "నా ఓట్లు తాగేశావు" అంది.

తరువాత

ఆ వారంలోనే సత్యవతి పోయింది. హజ్జియా మాట నిలబెట్టుకుంది. నాకు వీడ్కోలు చెప్పే వీలు దొరకలేదు, ఎందుకంటే నన్ను అప్పటికే ఎడారిలో కబ్ద్ అనే చోట ఉన్న బాబా గొర్రెల ఫారానికి పంపించేశారు, కాపరులకు వండిపెట్టడానికి. దుమ్ములో రొట్టె కాలిస్తే ఇసుక నమిలినట్లుండేది. బాబా తమ్ముడు ఓడిపోయాడు. ఆ కోడలి పుట్టింటివాళ్ళు, అత్తింటివాళ్ళు మాట తప్పి అవతలి మనిషికి వేశారని, అంతా నా ఫింజాన్ వల్లేనని బాబా తీర్మానించాడు.

నా తీర్మానం కూడా రాయి శైలూ. ఆ తమ్ముడి గుడారంలో నేను పెట్టిన భోజనాలకు అంతు లేదు. గెలిస్తే ఏం చేస్తానని అతను చెప్పడం ఒక్కసారి కూడా నా చెవిన పడలేదు. ఓడిపోవడానికి అది చాలదా? కాఫీ కావాలా?

కొన్ని నెలలకు నన్ను వెనక్కి పిలిచారు. ప్రేమతో కాదు. కొత్త వంటామె అన్నం చుట్టాలకు నచ్చలేదు. మామా ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పళ్ళాలు మాత్రం రోడ్డు దాటడం ఆగిపోయింది.

ఇది చెప్పినప్పుడల్లా మన ఆడవాళ్ళు "భలే చేశావు రమణమ్మా" అని చప్పట్లు కొడతారు. కొట్టకండి. ఆ రోజు హజ్జియా ఇంట్లో లేకపోతే? నాకు గిన్నె ఇవ్వాలని ఆమెకు తోచకపోతే? తోచినా, కోడలితో పాటు నవ్వేసుంటే? ఒక మనిషి ఇంటికి పోవడం ఒక ముసలామె పరువు మీద ఆధారపడటమేమిటి? అది నా గొప్ప కాదు, ఇక్కడి ఏర్పాటుకు సిగ్గు. అందుకే మీకు చెప్పేది: నా లాగా గిన్నెల మీద ఆధారపడకండి. విమానం ఎక్కకముందే పాస్‌పోర్టు నకలు ఇంట్లో ఇచ్చి రండి. ఎంబసీ నంబరు నోటికి నేర్చుకోండి, ఫోన్ లాక్కుంటారు గానీ నోరు లాక్కోలేరు. ఎదుటి మేడ మీద ఎవరున్నారో చూడండి. పలకరించండి. గొంతు తగ్గించుకోమని ఎవరన్నా వినకండి.

మా ఊరినీ ఒక నియోజకవర్గంలోంచి తీసి ఇంకోదాంట్లో కలిపారట. తరువాత జిల్లా పేరే మారింది. నన్నెవరూ అడగలేదు. ఎన్నికలప్పుడు నేనెప్పుడూ ఊళ్ళో లేను. ఇక్కడ మజ్లిస్, అంటే వీళ్ళ అసెంబ్లీ, మూతపడింది, గుడారాలు లేవడం లేదు. ఇన్ని ఎన్నికలకు వండాను, నా వేలికి సిరా చుక్క అంటలేదు.

మొన్న మన దగ్గర ఎన్నికలు జరిగిన రోజు సత్యవతి వీడియో కాల్ చేసింది. ముడుచుకున్న వేళ్ళతో ఫోన్ పట్టుకుంటుంది కాబట్టి దాని ముఖం ఎప్పుడూ ఊగుతూ కనిపిస్తుంది. రెండో చెయ్యి తెర మీదికి తెచ్చింది. వేలి మీద సిరా.

"ఎవురికేసినావుమే?" అన్నాను.

"అది చెప్పకూడదండీ వదినా."

"నాకు గూడానా?"

"మీకస్సలు చెప్పకూడదండీ. మీ గొంతుకి కువైట్ అంతా తెలిసిపోద్ది."

నవ్వింది. రోడ్డు అవతలి నుంచి వినపడే పాత నవ్వు.

"మీ ఊరు ఇప్పుడు ఏ నియోజకవర్గంలో ఉండాది?" అని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు. అలవాటైపోయింది.

"మార్చేరంటండీ, నాకు సరిగ్గా తెల్దు. ఏదైతే ఏటి వదినా? గేటు నేనే తీసుకుని ఎల్లేనండీ. వచ్చాక నేనే ఏసుకున్నాను."